భీమవరం నుంచి బోస్టన్‌కు: యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

ఈ తూరి గోడపత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చినారు. అందరికీ తెలిసిన న్యూటన్, ఎడిసన్ కాకుండా మన తెలుగాయన గురించి రాస్తాను. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రికి జబ్బు చేసి ఉద్యోగం ముందుగానే వదిలేసినారు, ఇల్లు గడవడం కష్టమైంది. సుబ్బారావు 13 ఏళ్లప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయినాడు. వాళ్లమ్మ వెనక్కు తీసుకొచ్చి మళ్లీ బడిలో వేసింది. మన హాస్టల్లో కూడా గోడ దూకి పోయినోళ్లు ఉన్నారు, వాళ్లను కూడా అమ్మలే తెచ్చి దింపినారు. చదువు ఆయనకు సులభంగా రాలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసైనారు.

తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకొన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. అందుకని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు బట్టలు వేసుకొన్నారు. అది ఆపరేషన్లు నేర్పించే తెల్ల ప్రొఫెసరుకు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ డిగ్రీ ఇచ్చినారు. బట్టను చూసి మార్కులు వేస్తే ఎట్లుంటాదో మనలో కొందరికి తెలుసు.

ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయినారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, భేదులవుతాయి, నెత్తురు పలచనైపోతుంది. అప్పుడు దానికి సరైన మందు లేదు.

1919లో శేషగిరి గారితో పెళ్లయింది. మామగారు డబ్బు సాయం చేస్తే 1922 అక్టోబరులో అమెరికాలో బోస్టన్ చేరినారు. హార్వర్డ్‌లో చదువుకొంటూ, ఖర్చులకు ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగినారు. డాక్టరు చదివిన మనిషి.

హార్వర్డ్‌లో ఫిస్క్ అనే సారు దగ్గర పనిచేసినారు. 1925లో నెత్తురులో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టినారు. 1929లో ఏ.టి.పి. గురించి రాసినారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా వేరుగా దాన్ని కనుక్కొన్నారు. ఏ.టి.పి. అంటే చిల్లర లాంటిది. మనం తిన్న అన్నం 500 రూపాయల నోటు అనుకోండి. ఒక్క చాక్లెట్ కొనాలంటే చిల్లర కావాల కదా. ఒంట్లో పనులకు ఆ చిల్లర ఏ.టి.పి.

ఇది మనుషులకే కాదు, కంటికి కనపడని బ్యాక్టీరియాకు కూడా కావాల. ఆయన పోయిన చాలా ఏళ్లకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను. అతినీలలోహిత కిరణాలు తగిలితే బ్యాక్టీరియాలో డి.ఎన్.ఏ. దారం చెడిపోతుంది. రెక్-ఏ అనే ప్రొటీను ఆ చెడిన దారాన్ని, అదే మాదిరి ఉండే ఇంకో దారం పక్కన చేర్చి బాగుచేయడానికి సాయపడుతుంది. దాని జీను సంగతి 1965లో క్లార్క్, మార్గులిస్ అనే ఇద్దరు బయటపెట్టినారు. ఈ.కోలి అనే బ్యాక్టీరియాలో ఆ ప్రొటీను సుమారు 350 పూసలున్న దండ. దండలో ఏ చోటు ఏ పని చేస్తుంది? మా అమ్మ కొడవలి చూడండి. పిడి పట్టుకొనేదానికి, కోసేది మాత్రం కక్కు పెట్టిన అంచు. అట్లనే శాస్త్రవేత్తలు ఒక్కొక్క పూసను మార్చి చూసినారు. 72వ చోట లైసిన్ అనే పూస ఉంది, అది ఏ.టి.పి. వచ్చి కూర్చొనే చోటు. ఆ ఒక్కటి మారిస్తే బ్యాక్టీరియా తన డి.ఎన్.ఏ.ను సరిగా బాగుచేసుకోలేకపోయింది. పెద్ద దండలో పని జరిగే చోటు ఇంత చిన్నది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం ఇయ్యలేదు. 1940లో లెడర్లె అనే మందుల కంపెనీకి పోయినారు. అక్కడ ఆయన, ఆయన జట్టు ఫోలిక్ యాసిడ్ వెంట పడినారు. ఆ పేరు ఆకు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో వేరే శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి తీస్తే చిటికెడే దొరికింది. అది ఉందా లేదా ఎట్లా తెలుస్తుంది? బ్యాక్టీరియాతోనే. పెరుగులో ఉండేదానికి చుట్టమైన ఒక బ్యాక్టీరియా ఫోలిక్ యాసిడ్ లేకపోతే పెరగదు. గాజు గొట్టంలో నీళ్లు కలకబారితే అది ఉన్నట్టు. 1945లో వాళ్లు దాన్ని ప్రయోగశాలలో తయారు చేసినారు. స్ప్రూ రోగులకు ఇస్తే నెత్తురు పట్టింది. అన్నదమ్ములు పోయి అప్పటికి 20 ఏళ్లు దాటింది.

కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఏ.కు నకలు రాయాల. ఆ రాతలో థైమిన్ అనే అక్షరం తయారుకావడానికి ఫోలిక్ యాసిడ్ కావాల. మనకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఇదే, 500 మైక్రోగ్రాములు. వాంతి వస్తాదని కొందరు దాన్ని కొళాయి దగ్గర ఉమ్మేస్తాండారు. అన్నం తిన్నాక వేసుకొంటే అంత వికారం ఉండదు. నెలనెలా నెత్తురు పోయేది మనకే కదా.

తర్వాత ఆయన జట్టు ఇంకో పని చేసింది. ఫోలిక్ యాసిడ్‌లో ఒక్క మూల కొంచెం మార్చినారు. బీగంలో దూరుతుంది గానీ తిరగదు, అట్లాంటి దొంగ చెవి తయారైంది. దాని పేరు అమినోప్టెరిన్. నెత్తురు క్యాన్సరు కణాలు ఆగకుండా నకళ్లు రాసుకొంటాయి కాబట్టి ఇది వాటికి అడ్డం పడుతుంది. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి నయం కనిపించింది. అది కొన్నాళ్లే నిలిచింది. అయినా అంతకుముందు ఆ మాత్రం కూడా ఎవరూ చూడలేదు. దానికి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడతాండారు. ఏనుగుకాలు జబ్బుకు మన రాష్ట్రంలో ఊరూరా మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన జట్టు పనే.

ఫార్బర్ ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చువేసినారు. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే చనిపోయినారు. వయసు 53. అమెరికా పౌరుడు కాలేదు, ఇంటికీ తిరిగి రాలేదు. శేషగిరి గారు 1922 తర్వాత ఆయన్ను మళ్లీ చూడలేదు. నేను చదివిన దాంట్లో ఆమె గురించి రెండు లైన్లే ఉన్నాయి. ఆమె కథ కూడా ఎవరన్నా రాసింటే బాగుండేది.

1953లో ఒక బూజు జాతికి ఆయన పేరు కలిపి సుబ్బారోమైసిస్ అని పెట్టినారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.