దొరకు చిక్కని ఊపిరి – జొవాన్ని పుంటో జీవితం

ఈ సంచికలో మేము పరిచయం చేస్తున్న వ్యక్తి రాజకీయ నాయకుడు కాదు, శాస్త్రవేత్త కాదు. ఫ్రెంచ్ హార్న్ అనే ఇత్తడి కొమ్ము ఊది బతికిన సంగీత విద్వాంసుడు. ఇన్నూరేళ్ళ కిందట యూరప్ రాజధానులన్నింటిలో ఆయన పేరు తెలుసు. పుట్టింది మాత్రం ఒక దొర ఎస్టేటులో, వెట్టి కుటుంబంలో. ఒకరి చదువుకు డబ్బు పెట్టినంత మాత్రాన ఆ చదువు, ఆ మనిషి పెట్టినవాడి సొత్తు అవుతారా? ఆయన జీవితం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. హాస్టల్లో చదువుకునే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు కనుకనే ఆయనను ఎంచుకున్నాం.

పుట్టుక

ఆయన అసలు పేరు యాన్ వాత్స్లావ్ స్టిఖ్. 1746 సెప్టెంబర్ 28న బొహీమియాలోని జెహుషిత్సే గ్రామంలో పుట్టాడు. అది నేటి చెక్ దేశంలో ఉంది. ఆ ఊరు టూన్ ప్రభువుల ఎస్టేటు. స్టిఖ్ తండ్రి ఆ ఎస్టేటుకు కట్టుబడిన పనివాడు. ఆనాటి బొహీమియాలో అలాంటి కుటుంబాల వారు దొర అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్ళకూడదు. పెళ్ళికీ అనుమతి కావాలి. పిల్లవాడికి ఒక వృత్తి నేర్పించాలన్నా దొర ఒప్పుకోవాలి.

చదువు

కుర్రవాడికి పాట, వయొలిన్, హార్న్ చక్కగా పట్టుబడ్డాయి. ఆ రోజుల్లో సొంత వాద్యబృందం ఉండటం ప్రభువులకు గొప్ప. అందుకే టూన్ ప్రభువు ఖర్చు భరించి అతన్ని మొదట ప్రాగ్‌కు, తర్వాత మ్యూనిక్‌కు, చివరకు డ్రెస్డెన్‌కు పంపి హార్న్ నేర్పించాడు. డ్రెస్డెన్‌లో దొరికిన గురువు ఆంటన్ హాంపెల్. అప్పటి హార్న్‌కు మీటలు లేవు. ఊపిరితో, పెదవుల బిగువుతో కొన్ని స్వరాలే పలికేవి. కుడి అరచేతిని కొమ్ము వెడల్పు నోట్లో పెట్టి మూస్తూ తెరుస్తూ ఉంటే మధ్యలో లేని స్వరాలూ పలుకుతాయని నేర్పినవాడు హాంపెల్. ఈ విద్యను ఆయన దగ్గర ఆసాంతం నేర్చుకున్నవాడు స్టిఖ్.

మౌత్‌పీస్ సంగతి

ఇక్కడ కథ ఆపి ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. హార్న్ గొట్టాన్ని సాగదీస్తే సుమారు 12 అడుగులు ఉంటుంది. అంత గొట్టానికి ప్రాణం పోసేది కొసన ఉండే చిటికెనవేలంత మౌత్‌పీస్. పెదవులు ఆనే చోట దాని లోపలి వెడల్పు 17, 18 మిల్లీమీటర్లు. మన పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ మౌత్‌పీస్ చిన్న గిన్నెలా ఉంటుంది. అందుకే దాని ధ్వని ఖంగుమంటుంది. హార్న్‌ది గిన్నె కాదు, సన్నని పొడవాటి గరాటు. గాలి ఎక్కడా అడ్డం తగలకుండా జారుతుంది కనుక ధ్వని మెత్తగా, దూరం నుంచి వస్తున్నట్టుగా ఉంటుంది. ఆ కాలంలో రేకును గరాటులా చుట్టి అతికి వీటిని చేసేవారు.

ఇందులోనూ రెండు రకాలు ఉండేవి. పై స్వరాలు ఊదే మొదటి హార్న్ వారికి ఇరుకైనది, కింది స్వరాలు ఊదే రెండో హార్న్ వారికి వెడల్పైనది. స్టిఖ్ రెండో రకం వాద్యకారుడు. వెడల్పు మౌత్‌పీస్‌తో పాతాళం లాంటి స్వరం నుంచి ఒక్క దూకులో పైకి ఎగిరి, తిరిగి దిగేవాడు.

నిజానికి మోగేది మౌత్‌పీస్ కాదు, దాని అంచు మధ్య అదిరే పెదవులు. ఆ పెదవులకు వెనక నుంచి ఆసరా ముందు పళ్ళు. పళ్ళు పోతే మౌత్‌పీస్ ఆనడానికి చోటే ఉండదు. వాద్యకారుడి పని అంతటితో సరి.

పారిపోయిన వైనం

చదువు ముగించి వచ్చిన స్టిఖ్ సుమారు నాలుగేళ్ళు దొర కొలువులో ఊదాడు. దేశంలోనే గొప్ప వాద్యకారుడైనా ఎస్టేటులో నౌకరే. ఇరవై ఏళ్ళు దాటిన ఆ రోజుల్లోనే కొందరు తోటివారితో కలిసి పారిపోయాడు. టూన్ ప్రభువు వెంట సైనికులను తరిమాడు. పట్టుకుని తీసుకురావాలి, కుదరకపోతే కనీసం ముందు పళ్ళు రాలగొట్టి రావాలి అన్నది ఆయన ఆజ్ఞ అని జీవితచరిత్రకారులు రాశారు. నా దగ్గర ఊదనివాడు ఇంకెక్కడా ఊదకూడదన్నది ఆ దొర పంతం. సైనికులకు స్టిఖ్ చిక్కలేదు. ఇటలీ చేరి పేరు మార్చుకున్నాడు. యాన్ జొవాన్ని అయింది. జర్మన్‌లో పోటు అనే అర్థమున్న స్టిఖ్, ఇటాలియన్‌లో పుంటో అయింది.

కీర్తి

ఆ తర్వాత మైన్జ్ ఆస్థానంలో కొన్నేళ్ళు పనిచేసి, యూరప్ అంతా తిరిగాడు. 1778లో పారిస్‌లో మొజార్ట్ ఆయన వాద్యం విని, పుంటో అద్భుతంగా ఊదుతాడని తండ్రికి రాసిన ఉత్తరంలో మెచ్చుకున్నాడు. ఆయనతో పాటు మరో ముగ్గురి కోసం ఒక రచన కూడా చేశాడు. అదే ఏడాది పారిస్‌లో రావూ అనే పనిమంతుడు పుంటో కోసం వెండి హార్న్ చేసి ఇచ్చాడు.

అన్నీ గెలుపులే కావు. 1795లో పారిస్‌లో సంగీత విద్యాలయం ఏర్పడినప్పుడు ఆయన శిష్యుడు డోమ్నిక్‌కు ఆచార్య పదవి దక్కింది, ఆయనకు దక్కలేదు. పుంటో తన అభ్యాస గ్రంథాన్ని ప్రచురించినప్పుడు దాని మీద గురువు హాంపెల్ పేరు వేసి, తాను మెరుగుపరిచానని మాత్రమే చెప్పుకున్నాడు.

1800 ఏప్రిల్ 18న వియన్నాలో ఆయన కోసం బీథోవెన్ రాసిన హార్న్ సొనాటాను ఇద్దరూ కలిసి వాయించారు. పియానో దగ్గర స్వయంగా బీథోవెన్. జనం పట్టుబడితే మొత్తం మళ్ళీ వాయించవలసి వచ్చింది. తర్వాత నెల హంగరీలోని పెస్ట్ నగరంలో వాయించినప్పుడు, పుంటో మనకు బాగా తెలుసు గాని ఈ బీథోవెన్ ఎవరో తెలియదని అక్కడి పత్రిక రాసింది! ఆ సొనాటాలో లోతైన స్వరాలు, పెద్ద పెద్ద దూకుళ్ళు ఉన్నాయి. పుంటో వెడల్పు మౌత్‌పీస్ ఏం చేయగలదో తెలిసి రాసిన రచన అది.

ఇంటికి

1801లో, మూడు దశాబ్దాలు దాటాక, సొంత దేశం తిరిగి వచ్చి మే 18న ప్రాగ్‌లో కచేరీ చేశాడు. అప్పటికే, 1781లో, చక్రవర్తి రెండవ జోసెఫ్ శాసనంతో ఊరు విడవడానికీ, పెళ్ళికీ, వృత్తి నేర్వడానికీ దొర అనుమతి అవసరమన్న కట్టు తెగిపోయింది. పళ్ళు రాలగొట్టమన్న నేల మీదే ఆయన తన పళ్ళతో, తన పెదవులతో, తన ఇష్టంతో నిలబడి ఊదాడు. 1803 ఫిబ్రవరి 16న ప్రాగ్‌లో జబ్బు చేసి చనిపోయాడు. వేలాది మంది సాగనంపారు. మొజార్ట్ రిక్వియెమ్ వినిపించారు.

హార్న్‌కు మీటలు వచ్చి ఇన్నూరేళ్ళయింది. రేకు మౌత్‌పీస్‌ల స్థానంలో మరపట్టిన గట్టి లోహపువి వచ్చాయి. అయినా ఆ గరాటు ఆకారం పోలేదు, పుంటో కోసం పుట్టిన సొనాటా పోలేదు. ప్రపంచమంతటా హార్న్ విద్యార్థులు నేటికీ దాన్ని సాధన చేస్తున్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పుంటో చదువు దొర దయ మీద నడిచింది. దయ చూపినవాడే పళ్ళు అడిగాడు. మన చదువు ఎవరి దయా కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు. మెస్సులో తిన్న అన్నానికీ, ఇచ్చిన పుస్తకానికీ బదులుగా మన నోరు మూయమని అడిగే అధికారం ఎవరికీ లేదు. అయితే నేర్పిన గురువు పేరును మాత్రం పుంటోలాగే మన పని మీద ముందుగా రాసుకుందాం.