పదవి దిగుట యెరిగిన నాయకుడు – శ్రీ బసప్ప దానప్ప జత్తి

ప్రజాజీవితమున మెట్టుమెట్టుగా పైకెక్కినవారు పెక్కురు కలరు. ఎక్కిన మెట్టునుండి దిగవలసి వచ్చినప్పుడు చిన్నబుచ్చుకొనక దిగి, చేతికందిన చిన్నపనిని పెద్దపనివలెనే నెరవేర్చినవారు మాత్రము అరుదు. ఒక చిన్న సంస్థానపు పట్టణములో పురపాలక సంఘ సభ్యులుగా సేవ నారంభించి, మైసూరు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై, పిదప భారతదేశమునకు ఉపరాష్ట్రపతియైన శ్రీ బసప్ప దానప్ప జత్తిగారు ఆ అరుదైన కోవకు చెందినవారు. వారు ఎక్కిన మెట్లను లెక్కించుట సులభము. దిగిన మెట్లనుకూడ లెక్కించిననే ఆ జీవితము మనకు బోధపడును.

జత్తిగారు 1912వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన జమఖండి తాలూకా సావళగి గ్రామమున ఒక లింగాయత కుటుంబమున జన్మించిరి. తండ్రి దానప్ప, తల్లి సంగమ్మ. నేడు ఆ ప్రాంతము కర్ణాటకలోని బాగలకోట జిల్లాలో చేరియున్నది. ఆనాడు జమఖండి పట్వర్ధన్ వంశీయుల యేలుబడిలోని చిన్న సంస్థానము. మన తెలుగునేలను తడుపు కృష్ణానదియే అంతకుముందు ఆ తాలూకాను తడిపివచ్చును. ఆ కాలపు ఆచారము చొప్పున పదియేండ్ల ప్రాయముననే వారికి వివాహమయ్యెను. అయినను చదువు ఆగలేదు. కొల్హాపురమునకు పోయి రాజారాం కళాశాలలోను, సైక్స్ న్యాయకళాశాలలోను విద్య పూర్తిచేసి, జమఖండికి తిరిగివచ్చి న్యాయవాదవృత్తి చేపట్టిరి.

1940లో వారు జమఖండి పురపాలక సంఘమునకు సభ్యులైరి. 1945లో దానికి అధ్యక్షులైరి. పురపాలక సంఘమనగా వీధిదీపము, మంచినీరు, మురుగుకాలువ, సంతవీధి. ఎన్నుకొన్న ప్రజలు ప్రతిదినము ఎదురుపడి అడుగు పనులివి. శాసనసభలో వినిపించెడి పెద్దమాటలకు ఇచ్చట తావులేదు. నీరు వచ్చినదా రాలేదా యనునదే ప్రశ్న. ఆ బడిలో ఓనమాలు దిద్దిన తరువాతనే వారు జమఖండి సంస్థాన శాసనసభలో ప్రవేశించిరి. అచ్చట మంత్రియై, 1948 నాటికి సంస్థానమునకు ముఖ్యమంత్రియైరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియైదేండ్లు మాత్రమే.

ఆ పదవిలో వారు చేసిన పెద్దపని ఆ పదవినే లేకుండ చేయుట. స్వాతంత్ర్యానంతరము దేశమంతట సంస్థానముల విలీనము జరుగుచుండెను. సంస్థానాధీశుడైన శంకరరావు పట్వర్ధన్‌గారితో కూడి జత్తిగారు ఆ మార్గమునే ఎంచుకొనిరి. 1948 మార్చి 8వ తేదీన జమఖండి బొంబాయి రాష్ట్రములో విలీనమయ్యెను. సంస్థానము లేకపోగా దాని ముఖ్యమంత్రియు లేడు. నిన్నటి ముఖ్యమంత్రి నేడు మరల నల్లకోటు ధరించి న్యాయస్థానమున కక్షిదారుల పక్షమున నిలిచెను. ఇంచుమించు ఇరువది నెలలు వారు ఆ వృత్తిలోనే యుండిరి.

తరువాత విలీనప్రాంతపు ప్రతినిధిగా వారిని బొంబాయి శాసనసభకు నియమించిరి. నియమింపబడిన వారము దినములలోనే ముఖ్యమంత్రి బి.జి. ఖేర్‌గారికి పార్లమెంటరీ కార్యదర్శియైరి. ఒక సంస్థానమునకు తానే ముఖ్యమంత్రిగా నున్నవారు మరియొక ముఖ్యమంత్రికి కార్యదర్శిగా పనిచేయుటకు సంకోచింపలేదు. 1952 సార్వత్రిక ఎన్నికల తరువాత మురార్జీ దేశాయిగారి ప్రభుత్వములో ఆరోగ్య, కార్మికశాఖలకు ఉపమంత్రియైరి. ఈ గురుశిష్యులవంటి జంట పాతికేండ్ల తరువాత మరియొక చోట ఎదురుపడనున్నది.

1956 నవంబరు 1వ తేదీన భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడగా, కన్నడ జిల్లాలన్నియు మైసూరు రాష్ట్రమున కూడెను. పాతమైసూరు, బొంబాయి, హైదరాబాదు, మదరాసు, కొడగు అను ఐదు ప్రాంతములనుండి వచ్చిన భూములకు ఐదువిధములైన చట్టములుండెను. ఒకచోటి కౌలుదారునకు గల రక్షణ పొరుగుజిల్లా కౌలుదారునకు లేదు. ఈ భేదములను పరిశీలించి రాష్ట్రమంతటికి ఒకే చట్టము సూచించుటకై 1957లో ఒక సంఘము నేర్పరచి, దానికి జమఖండి శాసనసభ్యులైన జత్తిగారిని అధ్యక్షులుగా చేసిరి. అది జత్తి సంఘమను పేరనే ప్రసిద్ధికెక్కెను.

1958 మే నెలలో ఎస్. నిజలింగప్పగారు పదవి వీడగా జత్తిగారు మైసూరు ముఖ్యమంత్రియైరి. 1962 మార్చి వరకు వారి పాలన సాగెను. పురపాలక సంఘములో పుట్టిన నాయకుని ముద్ర ఆ నాలుగేండ్లలో స్పష్టముగా కనిపించును. 1959లో గ్రామపంచాయతీల, స్థానికసంఘముల చట్టము వచ్చెను. గ్రామమునకు పంచాయతీ, తాలూకాకు ఎన్నికైన బోర్డు, జిల్లాకు అభివృద్ధి మండలి యేర్పడెను. మన ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితుల చట్టము వచ్చినదియు ఆ సంవత్సరమే. రెండవది, తమ సంఘము సూచనల ఫలితముగా రూపొందిన భూసంస్కరణల చట్టము. ఆ బిల్లు 1961లో శాసనసభ ఆమోదము పొందెను. కౌలుదారులకు భద్రత, కౌలుకు హద్దు, భూకమతమునకు 27 ప్రామాణిక ఎకరముల గరిష్ఠపరిమితి అందలి ముఖ్యాంశములు. అది 1965 అక్టోబరు 2వ తేదీనుండిగాని అమలునకు రాలేదు. ఆ చట్టమున లొసుగులును కలవు. 1974లో దేవరాజ అరసుగారి కాలమున దానిని గట్టిగా సవరింపవలసివచ్చెను. అయినను సవరించుటకొక చట్టము ముందుగా ఉండవలెనుగదా! ఆ పునాదిరాయి జత్తిగారిది.

1962 ఎన్నికలలో జత్తిగారు జమఖండినుండి మరల గెలిచిరి. కాని ముఖ్యమంత్రి పీఠము వారికి దక్కలేదు. ఎన్నికలలో ఓడిన నిజలింగప్పగారు తిరిగి సభకు వచ్చువరకు ఎస్.ఆర్. కంఠిగారు సుమారు మూడునెలలు ఆ బాధ్యత వహించిరి. జూన్‌లో నిజలింగప్పగారు మరల ముఖ్యమంత్రియైరి. ఇట్టి సమయమున సాధారణముగ నాయకులు అలుగుదురు. వర్గము కట్టుదురు. జత్తిగారు ఆ యేటనే ఆర్థికమంత్రిగా ఆ మంత్రివర్గమున చేరిరి. నాలుగేండ్లు తాము నడిపిన ప్రభుత్వపు ఆదాయవ్యయముల లెక్కలను మరియొకరి నాయకత్వమున చూచుటకు వారు నామోషీ పడలేదు. 1967లో జమఖండి ప్రజలు వారిని తిరిగి ఎన్నుకొనిరి.

1968లో వారు పుదుచ్చేరికి లెఫ్టినెంట్ గవర్నరుగా వెళ్లిరి. నాలుగు తునకలుగా నున్న ఆ ప్రాంతములో గోదావరీతీరపు మన యానాము ఒకటి. ఆ విధముగ తెలుగువారిలో కొందరు నాలుగేండ్లు వారి పాలనలో నుండిరి. 1972 నవంబరులో ఒరిస్సా గవర్నరైరి. అచ్చట వారి జీవితములో కఠినమైన పరీక్ష యెదురయ్యెను. 1973 మార్చి ఆరంభమున నందినీ శత్పథిగారి మంత్రివర్గము రాజీనామా చేసెను. బిజూ పట్నాయక్‌గారి నాయకత్వమున ప్రతిపక్షము తమకు బలమున్నదని ముందుకువచ్చెను. గవర్నరు వారిని పిలువక రాష్ట్రపతి పాలనకు సిఫారసుచేసిరి. సభ రద్దయ్యెను. ఈ నిర్ణయముపై తీవ్రమైన విమర్శలు రాగా, వివాదము ఉన్నత న్యాయస్థానము వరకు పోయెను. ప్రజలెన్నుకొన్న సభలో ఎదిగినవారే సభకు అవకాశమీయలేదను మాట వారి చరిత్రలో నిలిచిపోయినది. దానిని దాచుట సత్యమునకు తగదు.

1974 ఆగస్టు 31న వారు ఉపరాష్ట్రపతియైరి. 1977 ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్‌గారు మరణించగా, రాష్ట్రపతి బాధ్యత జత్తిగారిపై పడెను. అది దేశమున అత్యవసర పరిస్థితి నడచుచున్న కాలము. ఎన్నికలు ముగిసి పాలకపక్షము ఓడగా, మార్చి 21న ఆ పరిస్థితి ఎత్తివేయబడెను. మార్చి 24న నూతన ప్రధానిచే జత్తిగారు ప్రమాణము చేయించిరి. ఆ ప్రధాని మరెవరో కాదు. బొంబాయిలో వారికి పైవాడైన మురార్జీ దేశాయిగారే. ఒకనాటి ఉపమంత్రి ఎదుట ఒకనాటి ముఖ్యమంత్రి నిలిచి ప్రమాణము చేసెను.

నెల తిరుగకముందే మరియొక పరీక్ష వచ్చెను. తొమ్మిది రాష్ట్రముల శాసనసభలను రద్దుచేయవలెనని క్రొత్త మంత్రివర్గము సలహా యిచ్చెను. వానిలో ఒరిస్సాయు కలదు. సర్వోన్నత న్యాయస్థానము ఏప్రిల్ 29న ఆ రాష్ట్రముల అభ్యర్థనను త్రోసిపుచ్చెను. అయినను జత్తిగారు వెంటనే సంతకము చేయక ఆలోచనకు వ్యవధి తీసికొనిరి. దేశమంతట అలజడి పుట్టెను. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణచే రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాను పాటించి తీరవలెను. సలహాను పునరాలోచనకు త్రిప్పిపంపు హక్కు అప్పటికి వ్రాతలో లేదు. ఏప్రిల్ 30న వారు సంతకము చేసిరి. మరుసటి సంవత్సరము వచ్చిన 44వ సవరణ ఆ హక్కును రాష్ట్రపతికి ఒకమారు ప్రసాదించినది. కనుక ఆనాటి జాగును కేవలము మొండితనమనుట న్యాయము కాదు. సంశయము కలుగుట మనస్సాక్షి పని. తుదకు రాజ్యాంగమునకు లోబడుట పదవి పని. వారు రెంటిని చేసిరి. జూలై 25న మన నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి కాగా, జత్తిగారు ఆ పీఠమునుండి దిగి మరల ఉపరాష్ట్రపతి స్థానమున కూర్చుండి, 1979 ఆగస్టు వరకు రాజ్యసభను నడిపిరి.

ఈ పదవులన్నింటి నడుమ ఏ యెన్నికయు తెచ్చిపెట్టని, ఏ యోటమియు తీసివేయని పని యొకటి వారికుండెను. 1964లో బెంగుళూరున వారు బసవసమితిని స్థాపించిరి. శరణుల వచనములు కన్నడమున నిలిచిపోక ఇతరభాషల వారికిని అందవలెనన్నది దాని ఆశయము. మంత్రిగా, గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా నున్నప్పుడును, ఏ పదవియు లేనప్పుడును వారు ఈ పనిని విడువలేదు. 2002 జూన్ 7వ తేదీన బెంగుళూరున లింగైక్యులైరి. వారి వెనుక సమితి నిలిచినది. 2017లో వచనముల అనువాదములు తెలుగుతో సహా ఇరువదికి పైబడిన భాషలలో ఆ సమితి పక్షమున వెలువడెను.

కాయకమునకు పెద్దచిన్నలు లేవని శరణులు బోధించిరి. చెప్పులు కుట్టినను, రాజ్యము నేలినను, చేయు మనస్సే ప్రధానము. జత్తిగారు దోషము లేనివారని ఎవరును అనలేరు. కాని మురుగుకాలువ విషయమునకును, రాష్ట్రపతి ముద్రకును సమానమైన శ్రద్ధ చూపిరి. నేడు గ్రామపంచాయతీలలోను, పురపాలక సంఘములలోను ప్రవేశించు మన యువకులు పైమెట్టును చూచుటకు ముందు, నిలిచియున్న మెట్టుపై పనిని పూర్తిచేయుట నేర్వవలెను. దిగవలసిన దినము వచ్చినప్పుడు, జమఖండి న్యాయవాదివలె, నల్లకోటు సిద్ధముగా నుంచుకొనవలెను.