మెకంజీ దొర, మా లాగ్ డ్రైవరు

ఇది కల్నల్ కాలిన్ మెకంజీ గురించి రాస్తున్న వ్యాసం. కానీ మా కాలేజీ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సర్వర్ దగ్గర మొదలుపెట్టక తప్పదు, ఎందుకంటే ఆయన సంగతి నాకు ఆ గొడవ వల్లే తెలిసింది.

మా సీనియర్లు రాసి వదిలి వెళ్లిన డాకర్ లాగింగ్ డ్రైవర్ ఒకటి ఉంది. ఇప్పుడు దాన్ని చూసుకునేది నేను. మెకానికల్, సివిల్ ఫ్రెండ్స్ కోసం కొంచెం చెప్తాను. కంటైనర్‌లో నడిచే ప్రోగ్రామ్ తను చేసే పనులన్నీ లైన్లు లైన్లుగా బయటికి రాస్తూ ఉంటుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరి పేమెంట్ వెళ్లింది, ఎవరిది ఆగింది, ఇలాంటివి. కంటైనర్ అనేది అద్దె గది లాంటిది. ఖాళీ చేసేస్తే గోడల మీద రాసుకున్నవన్నీ పోతాయి. అందుకని ఆ లైన్లను ఎప్పటికప్పుడు పట్టుకుని క్లౌడ్‌కి పంపే మధ్యవర్తి కావాలి, అదే డ్రైవర్. పంపే దారి నెమ్మదించినప్పుడు డ్రైవర్ చేయగలిగినవి రెండే. ఒకటి, ప్రోగ్రామ్‌నే ఆపి నిలబెట్టడం. రెండు, లైన్లను బఫర్‌లో పెట్టుకుని, బఫర్ నిండిపోతే కొన్నిటిని పారేయడం. సైట్ స్పీడుగా ఉండాలని నేను రెండోది పెట్టాను. బఫర్ కూడా చిన్నది.

ఆఖరి రోజు రాత్రి అందరూ ఒకేసారి మీద పడ్డారు. కంటైనర్ పడిపోయింది, దాని బదులు కొత్తది లేచింది, మధ్యలో కొన్ని లైన్లు ఎక్కడికీ చేరలేదు. మర్నాడు ఫస్టియర్ కుర్రాడు ఒకడు వచ్చి డబ్బు కట్టానన్నాడు. లాగ్‌లో వెతికాను, లేదు. లేదు కాబట్టి కట్టలేదని చెప్పి పంపించేశాను. ఎంత ధీమాగా చెప్పానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు రోజుల తర్వాత బ్యాంక్ స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఈవెంట్ అయిపోయింది.

సంక్రాంతికి కారంచేడు వెళ్లినప్పుడు ఈ కథంతా తాతయ్యకి చెప్పాను. కంటైనర్ అంటే ఏంటో అర్థమైందో లేదో గానీ అసలు విషయం మాత్రం పట్టేశాడు. కరణాల కవిలెలు కూడా ఇంతే కదరా అన్నాడు. పూర్వం ఊరి లెక్కలు, మాన్యాలు, ఎవరు ఏ దానం చేశారు, ఏ రాజు ఏ ఏడు ఏలాడు, ఇవన్నీ కరణం తాటాకుల మీద రాసి కట్టలు కట్టేవాడట. చెద పట్టినా, ఇల్లు తగలబడినా, వరదొచ్చినా ఊరి జ్ఞాపకం మొత్తం దాంతోనే సరి. అలా పోకుండా ఊరూరికీ మనుషుల్ని పంపి వాటిని ఎత్తి రాయించినవాడు మెకంజీ దొర అని చెప్పి, లోపల్నుంచి గుంటూరు జిల్లా కైఫియతుల పుస్తకం తెచ్చిచ్చాడు. మా ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లా, అంతకుముందు ప్రకాశం, 1970కి ముందు గుంటూరు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

మెకంజీ 1754లో స్కాట్లండ్‌కి చెందిన లూయిస్ అనే దీవిలో, స్టోర్నవే అనే రేవు ఊళ్లో పుట్టాడు. అక్కడే కొన్నాళ్లు కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. లెక్కలంటే పిచ్చి. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ గుర్తున్నాడా, ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన టేబుల్స్‌కి మూలం ఆయనే. ఆ నేపియర్ వంశంలోని ఒక ప్రభువు తన పూర్వీకుడి జీవితచరిత్ర రాయాలనుకుని, హిందువుల గణితం గురించి వివరాలు సేకరించే పని యువకుడైన మెకంజీకి అప్పజెప్పాడు. అంటే ఆయన మనసు ఇండియా మీదికి మళ్లింది ఒక లాగ్ వల్లే. ఇది చదివి నేను ఒక్కణ్ణే పెద్దగా నవ్వుకున్నాను. మా రూమ్మేట్‌కి చెప్తే వాడికి నవ్వు రాలేదు.

1783లో, 29 ఏళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో మద్రాసులో దిగాడు. తర్వాత ఇంజనీర్ల దళంలో చేరాడు. మదురైలో నేపియర్ కూతురు హెస్టర్ ఉండేది. వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కడి పండితులతో పరిచయాలయ్యాయి. లెక్కల కోసం మొదలైన వెతుకులాట మెల్లగా చరిత్ర వైపు తిరిగింది. ఉద్యోగం మాత్రం యుద్ధాలు, సర్వేలు. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చాక సర్వే పని మీద మన వైపు వచ్చాడు. టిప్పు సుల్తాన్ మీద యుద్ధాల్లో పనిచేశాడు, 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత పదేళ్ల దాకా మైసూరు సర్వే, సుమారు 40,000 చదరపు మైళ్లు. కంపెనీ అడిగింది మ్యాపులు. చరిత్ర ఎవరూ అడగలేదు. ఆ ఖర్చులో చాలా భాగం ఆయన సొంత జేబులోంచే పోయింది.

ఇక్కడ ఒక చిక్కుంది. మెకంజీకి మన భాషలు రావు. తెలుగు రాదు, కన్నడం రాదు, తమిళం రాదు. శాసనం ముందు నిలబడితే అది రాయి మీద గీతలే. మరి ఇదంతా ఎలా జరిగింది?

ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య వల్ల. 1776లో పుట్టాడు. 1796 ప్రాంతంలో మెకంజీ దగ్గర చేరాడు, అంటే దాదాపు మన వయసులో. సంస్కృతం, తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. పాత కన్నడ శాసనాలు చదివాడు. ఊళ్లలో పెద్దల్ని మాటల్లో పెట్టి సంగతులు రాబట్టాడు, మిగిలినవాళ్లకి పని నేర్పాడు. జైనుల గురించి అతను అనువదించిన వ్యాసం ఏషియాటిక్ రీసెర్చెస్‌లో అతని పేరుతోనే అచ్చయింది. అది 1807లో. అప్పటికి బొర్రయ్య చనిపోయి నాలుగేళ్లు. 1803లో, ఇంకా 27 నిండకుండానే పోయాడు.

తర్వాత అతని తమ్ముడు లక్ష్మయ్య బాధ్యత ఎత్తుకున్నాడు. నాకు ఈ కథలో అందరికంటే దగ్గరగా అనిపించింది ఈయనే. కొత్తగా కనిపెట్టిన పేరు అన్నది. ఆ కనిపెట్టినదాన్ని రోజూ నడిపించాల్సింది మాత్రం ఈయన. ఏ జిల్లాకి ఎవర్ని పంపాలి, ఎవరి ఉత్తరం రాలేదు, ఎవరు తెచ్చిన నకలు సరిగ్గా లేదు, ఇదంతా ఆయన చూసుకునేవాడు. నారాయణరావు, ఆనందరావు లాంటి వాళ్లు ఊరూరా తిరుగుతూ, ఎక్కడికి వెళ్లారో, ఏం దొరికిందో రిపోర్టులు రాసి పంపేవాళ్లు. లాగ్‌లు సేకరించేవాళ్లు తమ లాగ్ తామే రాసుకున్నారన్నమాట. ఆ రిపోర్టులు చదివితే పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఊళ్లో దిగగానే జనానికి అనుమానం. కంపెనీ మనుషులు పాత కాగితాలు ఎందుకడుగుతున్నారు, మాన్యాలు లాక్కోడానికా, పన్ను పెంచడానికా అని. కరణాలు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పేవాళ్లు.

అలా తిరిగి తిరిగి రాసినవే కైఫియతులు. కైఫియత్ అంటే సంగతి, వివరం. మౌజే ఫలానా అని మొదలై, ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, రెడ్డిరాజులు, గజపతులు, రాయలు, మొగలాయిలు ఎప్పుడెప్పుడు ఏలారు, ఇలా సాగుతుంది. పురాణం, లెక్క, పుకారు అన్నీ ఒకే పేరాలో కలిసిపోయి ఉంటాయి. ఒక్కో చోట రాజుల వరస తారుమారు. మొదట నాకు చిరాకేసింది, తర్వాత అలవాటైంది. మన లాగ్‌లు మాత్రం శుభ్రంగా ఉంటాయా ఏంటి?

అమరావతి కథ కూడా చెప్పాలి. 1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తూ రాళ్ల కోసం దిబ్బ తవ్విస్తుంటే చెక్కిన పలకలు బయటపడ్డాయి. సంగతి తెలిసి మెకంజీ వెళ్లి చూశాడు, కానీ ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. తిరిగి తీరిగ్గా వచ్చేసరికి 1816. ఈ మధ్యలో చాలా పలకలు కట్టడాల్లోకి వెళ్లిపోయాయి, పగిలిపోయాయి. మిగిలినవాటిని వదలకుండా బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని రాళ్లు ఆ తర్వాత కనపడకుండా పోయాయి. ఇవాళ అవి ఎలా ఉండేవో చెప్పేది ఆ బొమ్మలే. నా సర్వర్ పడిపోయిన ఆ రాత్రిని పద్దెనిమిదేళ్లకు సాగదీస్తే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

పుస్తకం సగం అయ్యాక తాతయ్యని ఒక మాట అడిగాను. కరణం చెప్పాడు సరే, గుడి పూజారి చెప్పాడు సరే, ఊళ్లో మిగిలినవాళ్లు ఏమయ్యారు? చెరువు తవ్వినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు, కూలికెళ్లిన ఆడవాళ్లు? వాళ్లని ఎవరూ కూర్చోబెట్టి అడిగినట్టు లేదు. తాతయ్య చదివినదాన్ని బట్టి తప్పు మెకంజీది ఒక్కడిదే కాదట, ఊరు తన నోటిగా ఎవర్ని ముందు కూర్చోబెడితే వాళ్ల మాటే కాగితం మీదికెక్కింది. డ్రైవర్ ఎంత మంచిదైనా ప్రోగ్రామ్ అసలు రాయని లైనును పంపలేదు.

మీలో చాలామందికి మా ఊరి పేరు వేరే కారణంతో తెలుసు. 1985 జులై 17. ఆ రోజు మా ఊళ్లో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి అక్కడే ఉండిపోయారు. జరిగినదాన్ని వాళ్లు చెప్పారు, రాశారు, ఉద్యమం చేశారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఇరవై మూడేళ్లకి, 2008లో అక్కడ తీర్పొచ్చింది. ఆ రోజు గురించి అడిగితే, కైఫియతుల మీద గంటలు మాట్లాడే మా తాతయ్య, టీ చల్లారిపోతోంది తాగమన్నాడు. నేను తాగాను. ఇంకోసారి అడగలేదు. నాకు ఆ ధైర్యం లేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

మళ్లీ మెకంజీ దగ్గరికొస్తాను. 1811లో జావా మీద దండయాత్రకి వెళ్లి రెండేళ్లు అక్కడే ఉన్నాడు. అక్కడా రాతప్రతులు పోగేశాడు, పెట్రోనెల్లా అనే డచ్ అమ్మాయిని పెళ్లి కూడా చేసుకున్నాడు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ పదవి కోసం 1817లో కలకత్తా వెళ్లాల్సొచ్చింది. పోగేసిన సరుకూ, లక్ష్మయ్యా వెంట వెళ్లారు. సేకరించినవన్నీ వరసగా పెట్టి, అనువాదం చేయించి, ఒక పద్ధతిలో ప్రచురించాలని ఆయన కోరిక. టైమ్ దొరకలేదు. 1821 మే 8న హుగ్లీ నది మీద చనిపోయాడు. ఇండియాకి వచ్చాక ఒక్కసారి కూడా ఇంటికి వెళ్లలేదు.

ఆయన భార్య దగ్గర్నుంచి కంపెనీ ఆ సేకరణను 10,000 పౌన్లకి కొంది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో కేటలాగ్ వేశాడు. సాహిత్య గ్రంథాల రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాలు 8,076, నాణేలు 6,218. ఒక మనిషి సైడ్ ప్రాజెక్ట్ ఇది.

లక్ష్మయ్య ఆ పని కొనసాగించడానికి ముందుకొచ్చాడు. పాతికేళ్ల అనుభవం, ప్రతి కట్టలో ఏముందో తెలిసిన మనిషి. 1830ల్లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దాన్ని తోసిపుచ్చింది. మెకంజీ లాంటి పనిని ఒక భారతీయుడు తన తలతో నడపలేడని వాళ్ల అభిప్రాయం. అంతకాలం నడిపిందెవరో వాళ్లకి తెలియదనుకోను.

సరుకులో కొంత లండన్ వెళ్లింది, కొంత మద్రాసుకి తిరిగొచ్చింది. వచ్చినవాటిలో చాలావాటికి సిరా వెలిసిపోతోంది, కాగితాన్ని పురుగు తింటోంది. క్లౌడ్‌కి చేరితే చాలు, ఇక భయం లేదనుకుంటాం కదా. అప్పుడు సి. పి. బ్రౌన్ పూనుకుని తెలుగు కైఫియతులకి మళ్లీ నకళ్లు రాయించి బైండు చేయించాడు. ఈ రోజు మనం చదివేవి చాలావరకు ఆ నకళ్ల పుణ్యమే. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో కొన్ని, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

ఆ లైబ్రరీలోనే 1816లో థామస్ హికీ వేసిన పటం ఉంది. నెట్‌లో చూడొచ్చు. మధ్యలో ఎర్రకోటు వేసుకున్న మెకంజీ, చుట్టూ ముగ్గురు మనవాళ్లు, అందులో ఒకడి చేతిలో దుర్భిణి. ఆ ముగ్గురిలో ఎవరు ఎవరన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మెకంజీ ఎవరన్నదాని మీద వాదన లేదు.

సెలవులయ్యాక వచ్చి డ్రైవర్‌లో రెండు మార్పులు చేశాను. పేమెంట్ లైన్లకి బఫర్ నిండితే పారేయడం ఉండదు, సైట్ ఆగితే ఆగుతుంది. మిగిలినవాటిలో ఏవైనా పారేయాల్సొస్తే, ఎన్ని పారేసిందో, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ వరకో చెప్పే లైను ఒకటి ఆ ఖాళీలో పడుతుంది. ఇకమీదట లాగ్‌లో లేదు అని ఎవరికైనా చెప్పేముందు అక్కడ ఖాళీ ఉందేమో చూసుకోవచ్చు. ఆ ఫస్టియర్ కుర్రాడి డబ్బు టీమ్ అంతా వేసుకుని తిరిగిచ్చాం. ఈవెంట్ అయితే తిరిగిరాదు కదన్నా అన్నాడు. అవును, రాదు.