కడపటి యాహీ విలుకాడు ఇషీ

అమెరికా దేశమందు కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరభాగమున లాసెన్ అను అగ్నిపర్వతము కలదు. దాని యెత్తు సుమారు 10,450 అడుగులు. దాని పడమటి చరియలలో మిల్ క్రీక్, డీర్ క్రీక్ అను రెండేఱులు లోతైన లోయలగుండ పాఱుచున్నవి. శీతకాలము రాగానే పైకొండలు మంచుతో కప్పబడును. మేత దొరకని జింకలు మందలుగా ఈ లోయలలోనికి దిగివచ్చును. యాహీలను చిన్న తెగవారు ఈ జింకలను, సాల్మను చేపలను, ఓక్ చెట్ల కాయల పిండిని ఆధారము చేసికొని తరతరములుగా ఇచ్చట జీవించిరి. ఇషీ వారిలో కడపటివాడు.

ఆతడు ఇంచుమించు 1860 ప్రాంతమున జన్మించెను. అంతకుముందే, 1848లో బంగారము కనబడుటతో, తెల్లజాతివారు వేలకొలదిగా ఆ సీమకు వచ్చి స్థిరపడిరి. 1865లోను, 1871 ప్రాంతమునను జరిగిన ఊచకోతలలో యాహీల స్త్రీలు, పసిబిడ్డలు సయితము చంపబడిరి. ఆ పని చేసినవారు క్రైస్తవ సమాజమునకు చెందినవారే; మిషను పాఠశాల పత్రిక కదా యని ఈ మాటను దాచుట న్యాయము కాదు. మిగిలిన కొద్దిమంది సుమారు నలువది సంవత్సరములు ఆ లోయలలో దాగి బ్రదికిరి. తుపాకి ధ్వని మైళ్ల దూరము వినబడును. వింటినారి ధ్వని కొన్ని గజములు దాటదు. కావున విల్లే వారికి ఆహారమిచ్చెను. వారి యునికిని పగవారికి తెలియనీయక కాపాడినదియు అదియే.

ఇషీ విల్లు సుమారు మూడున్నర అడుగుల పొడవు గలది. జూనిపెర్ కొయ్యను పలుచగా చెక్కి, జింక కాలి నరములను నమలి మెత్తపఱచి, సాల్మను చేప చర్మమును ఉడికించి తీసిన జిగురుతో వాటిని వింటి వీపున అంటించెడివాడు. అమ్ముల మొనలకు నల్లని అగ్నిపర్వతపు గాజురాయిని జింకకొమ్ముతో ఒత్తి, పెచ్చులూడదీసి పదును పెట్టెడివాడు. ఆతని దృష్టిలో విల్లు ప్రాణమున్న వస్తువు. ఎక్కుపెట్టి నిలువబెట్టినచో అది అలసి చెమర్చునని ఆతని నమ్మకము. పని లేనప్పుడు దానిని పండుకొనబెట్టవలెను, ఎవరును దానిని దాటరాదు. చలి దినములలో మంటమీద కాచి వెచ్చచేయక నారి తగిలించెడివాడు కాడు. ఇందులో మూఢవిశ్వాసము కొంత యున్నను అనుభవమే హెచ్చు: బిఱుసెక్కిన కొయ్యను తటాలున వంచినచో విఱుగును, చెమ్మ తగిలిన నరములు సడలును.

జింకవేటకు ముందునాడు ఆతడు చేపలు తినడు, పొగ త్రాగడు. వేకువనే ఏటిలో స్నానము చేసి, సువాసనగల ఆకులతో ఒడలు రుద్దుకొని, నోరు పుక్కిలించి, నీరు మాత్రము త్రాగి బయలుదేరును. మనిషి వాసన సోకినచో జింక నిలువదు గదా! బట్టలు పొదలకు తగిలి చప్పుడగునని గోచితో మాత్రమే వెళ్లెడివాడు. జింకల దారిప్రక్కన పొంచి కూర్చుండి, గడ్డి కూరిన జింకతలను తన తలపై పెట్టుకొని పొదచాటున మెల్లగా ఆడించును. అది యేమో చూతమని జింక సమీపించును. యాబది గజములకు మించిన దూరమునుండి ఆతడు సాధారణముగా బాణము వేయడు. ఎంతసేపైనను కదలక వేచియుండుటయే ఆ వేటలోని కష్టము.

1908 నవంబరు నెలలో, చలి ముదురుచున్న దినములలో, డీర్ క్రీక్ లోయను కొలుచుటకు సర్వేదారులు వచ్చి వారి గుడిసెలను కనుగొనిరి. ఇషీ చెల్లెలును, ఒక వృద్ధుడును పాఱిపోయిరి; వారు మఱల ఎవరికిని కనబడలేదు. నడువలేని ముసలితల్లి కంబళ్ల చాటున వడకుచు పడియుండెను. వచ్చినవారు ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. వింతవస్తువులని విండ్లను, అమ్ములను, బుట్టలను, కప్పుకొను తోళ్లను మాత్రము పట్టుకొనిపోయిరి. చలికాలపు వాకిట నిలిచిన ఇంటినుండి ఆహారము సంపాదించు సాధనములను, కప్పుకొను తోళ్లను తీసికొనిపోవుట ఎట్టిదో వారికి తోచలేదు కాబోలు. తల్లి అచిరకాలములోనే మరణించెను.

1911 ఆగస్టు 29న ఓరోవిల్ పట్టణపు పశువధశాల ప్రాంగణమున ఆతడు పట్టుపడెను. దుఃఖసూచకముగా జుట్టు కాల్చుకొని యుండెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యులైన క్రోబరు, వాటర్మనులు ఆతనిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియమునకు చేర్చిరి. తన పేరును ఆతడు ఎన్నడును చెప్పలేదు. ఇషీ యనగా ఆతని భాషలో మనుష్యుడు అని మాత్రమే యర్థము. మ్యూజియములో చిన్న పనులు చేసి జీతము పుచ్చుకొనుచు, ఆదివారములందు సందర్శకులకు రాతిమొనలు చెక్కి చూపెడివాడు.

1912లో ఆ ప్రక్క వైద్యకళాశాలలోని శస్త్రవైద్యుడు సాక్స్టన్ పోపుతో స్నేహమయ్యెను. విల్లు చేయుట, వేయుట, పొంచుట ఆతడు పోపునకు నేర్పెను. ఏ జాతివారు తన యింటి విండ్లను ఎత్తుకొనిపోయిరో ఆ జాతివానికే ఆ విద్యను ఏమియు దాచక నేర్పుట గమనింపదగినది. 1914లో మిత్రులు బలవంతపెట్టగా వారితో కలిసి డీర్ క్రీక్ లోయకు ఒకమాఱు తిరిగివెళ్లెను. తాను నేర్చిన విద్యను పోపు 1923లో ఒక గ్రంథముగా వెలువరించెను. అమెరికాలో నేటి విలుకాండ్ర వేటకు ఆ గ్రంథమే పెద్ద ప్రేరణ.

1916 మార్చి 25న ఇషీ క్షయవ్యాధిచే మరణించెను. దహనమునకు ముందు మిత్రులు ఒక విల్లు, ఐదు బాణములు, ఓక్ పిండి, పొగాకు ఆతని ప్రక్కన నుంచిరి. కాని క్రోబరు ముందుగా వలదని వ్రాసినను శవపరీక్ష జరిగెను. ఆతని మెదడు వేఱుచేయబడి వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు చేరెను. 2000 సంవత్సరమున దానిని, చితాభస్మమును ఆతని బంధుజాతులవారికి అప్పగించిరి. వారు వాటిని ఆ కొండసీమలో ఖననము చేసిరి. స్థలమును మాత్రము లోకమునకు వెల్లడింపలేదు.