మెస్సీనా తీరాన మెచ్నికాఫ్

తెల్ల రక్తకణాలు రోగక్రిములను మ్రింగివేస్తాయన్న వాక్యాన్ని పరీక్షల కోసం వల్లించిన వారిలో మేమూ ఉన్నాము. ఆ వాక్యము వెనుక ఇంత దుఃఖచరిత్ర ఉన్నదని అప్పుడు ఎరుగము.

ఎలీ మెచ్నికాఫ్ 1845లో, నాటి రష్యా సామ్రాజ్యములోని ఖార్కోవ్ ప్రాంతాన జన్మించాడు. మేధ అసాధారణము, మనస్సు మాత్రము మిక్కిలి సున్నితము. 1869లో క్షయరోగముతో కృశిస్తున్న లుద్మీలాను పెండ్లాడాడు. నడవలేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసుకొని వెళ్ళారు. 1873లో ఆమె మదీరా దీవిలో కన్నుమూసింది. ఆయన మితిమీరి మార్ఫియా మ్రింగాడు. వాంతి కావడముతో ప్రాణము దక్కింది. 1880లో రెండవ భార్య ఓల్గా టైఫాయిడుతో మృత్యుముఖము దాకా వెళ్ళి వచ్చింది. మరుసటి ఏడు ఆయన, మాటిమాటికి తిరగబెట్టే ఒక జ్వరరోగి రక్తాన్ని తన దేహములోనికే ఎక్కించుకున్నాడు. ఈసారీ బ్రతికాడు.

1882లో ఒడెస్సా విశ్వవిద్యాలయపు కొలువు వదలి, కుటుంబముతో సిసిలీలోని మెస్సీనా చేరాడు. ఒకనాడు ఇంటివారందరూ సర్కసు చూడబోయారు. ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శినిలో నక్షత్రచేప డింభకాన్ని చూస్తున్నాడు. (పేరుకే చేప, నిజానికి చేప కాదు.) గాజువలె పారదర్శకమైన ఆ దేహములో కొన్ని కణాలు అటునిటు సంచరిస్తున్నవి. ఇవి శత్రువును ఎదిరించే కావలి భటులేమో అన్న ఊహ తటాలున మెరిసింది. తోటలోని గులాబిముళ్ళు తెచ్చి డింభకాల చర్మము క్రింద గ్రుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూడగా కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నవి!

1884లో డాఫ్నియా అనే చిరు జలచరములోనూ ఇదే పోరాటాన్ని చూపాడు. కణాలు శిలీంధ్రబీజాలను మ్రింగగలిగితే ప్రాణి బ్రతికేది, లేకున్న చచ్చేది. రక్షణ అంతా రక్తద్రవములోనే ఉన్నదని జర్మను పండితులు ఏండ్ల తరబడి వాదించారు. 1888లో పాశ్చర్ ఆయనకు పారిస్‌లోని తన సంస్థలో చోటిచ్చాడు. 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను మొదట తనకే వేసుకున్న హాఫ్కిన్ ఈయన శిష్యుడే. 1908లో నోబెల్ బహుమతిని, ఎదుటిపక్షపు ఎర్లిఖ్‌కూ ఈయనకూ కలిపి ఇచ్చారు.

పెరుగు తింటే ఆయుర్దాయము పెరుగుతుందన్న వాదముతోనే లోకము ఆయనను ఎక్కువగా ఎరుగును. నిత్యము పెరుగన్నము తినే మనకు అది వింత కాదు. ఆయన అసలు కీర్తి ముల్లు దగ్గరే ఉన్నదని మా అభిప్రాయము. 1916లో 71వ ఏట మరణించాడు. చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయములో ఉంచారు.

మెచ్నికాఫ్‌కు పారదర్శకమైన ప్రాణి దొరికింది. చేప దేహము అట్టిది కాదు. లోపలి భక్షక కణాలను చూడవలెనంటే వాటిని వెలికి తీసి, గాజుపాత్రలో పోషకద్రవము పోసి పెంచవలె. 1962లో ట్రౌట్ చేప బీజాశయ కణాలను అట్లు నిలకడగా పెంచగలిగారు. 1998లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అదే జాతి చేప ప్లీహము నుండి భక్షక కణాల వంశాన్ని నిలబెట్టారు. 18-20 డిగ్రీల చల్లదనములో అవి పెరుగుతూ, ఎదురైన రేణువులను మ్రింగుతూనే ఉన్నవి.