అటకెక్కిన గిటార్ మళ్లీ పలికింది

పెళ్లి కాకముందు బాగా పాడేదాన్నని, ఇప్పుడు ఆ గొంతు ఎక్కడ పోయిందో తెలీదని నవ్వేసే ఆడవాళ్లు మన ఇళ్లల్లో ఎందరో! నేర్చుకున్న వీణ గుడ్డ కప్పుకుని మూలన ఉంటుంది. హార్మోనియం అటకెక్కుతుంది. వంట, పిల్లలు, ఉద్యోగం... తర్వాత చూద్దాంలే అనుకుంటుండగానే జుట్టు నెరిసిపోతుంది.

అలాంటి వాళ్లందరూ తెలుసుకోవాల్సిన మనిషి ఎలిజబెత్ కాటన్. ఊహ తెలుస్తున్న వయసులోనే సొంతంగా పాట కట్టింది. పెళ్లయ్యాక గిటార్ పక్కన పెట్టేసింది. మనవలు పుట్టాక మళ్లీ చేతిలోకి తీసుకుంది. మొదటి రికార్డు విడుదలయ్యేనాటికి ఆమెకి అరవై అయిదేళ్లు. అప్పటికి ఆమె చేస్తున్న ఉద్యోగం ఏమిటో తెలుసా? ఇళ్లల్లో పని!

పేరు లేని పిల్ల

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ అనే ఊరుంది. దాని పక్కనే, ఇప్పుడు కార్‌బరో అని పిలిచే చోట 1893 జనవరి 5న ఆమె పుట్టింది. నల్లజాతి కుటుంబం. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి ముప్ఫై ఏళ్లయినా కాలేదు. తెల్లవాళ్ల బడి వేరు, నల్లవాళ్ల బడి వేరు. నల్లవాళ్ల ఆడపిల్లలకి చదువు నాలుగు రోజుల ముచ్చటే. ఆ తర్వాత తల్లితోపాటు తెల్లవాళ్ల ఇళ్లల్లో పనికి వెళ్లాల్సిందే.

ఇంట్లో ఆమెని చిన్నచెల్లి అన్నట్టుగా ముద్దుపేరుతో పిలిచేవారు. సరైన పేరంటూ ఎవరూ పెట్టలేదు. బడిలో చేరిన రోజు టీచరు పేరడిగితే తనకి తనే ఎలిజబెత్ అని పెట్టేసుకుందట. పేరు కోసం ఎవరి మీదా ఆధారపడని ఈ పిల్ల, తర్వాత తన పాట మీద తన పేరు ఉండటం కోసం ఎంత కాలం ఎదురుచూడాల్సి వచ్చిందో ముందు ముందు చూద్దాం.

అన్నకి ఒక బాంజో ఉండేది. అతను పనికి వెళ్లగానే ఈ పిల్ల దాన్ని తీసుకుని వాయించేది. ఆమెది ఎడమచేతి వాటం. బాంజోకి తీగలు కట్టింది మాత్రం కుడిచేతి వాళ్ల కోసం. తీగలు విప్పి మార్చి కడితే అన్నకి తెలిసిపోతుంది. అందుకని వాద్యాన్నే తలకిందులుగా పట్టుకుంది. తర్వాత గిటార్‌ కూడా అలాగే వాయించింది. మామూలుగా అందరూ బొటనవేలితో మందర తీగలు, మిగతా వేళ్లతో రాగం పలికిస్తారు. ఈమెకి అంతా తిరకాసే. వేళ్లతో మందరం, బొటనవేలితో రాగం! నేర్పేవాళ్లు లేక తనంతట తాను కనిపెట్టుకున్న ఆ వాయింపునే ఆ తర్వాత ఆమె ఇంటిపేరుతో కలిపి కాటన్ పికింగ్ అని పిలవడం మొదలుపెట్టారు. చేయి తిరిగిన గిటారిస్టులు సైతం కూర్చుని దాన్ని సాధన చేశారు.

మూడు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు

సొంతంగా గిటార్ కొనుక్కోవాలంటే డబ్బు కావాలి. బడి మానేసి పనికి కుదిరింది. మొదట్లో నెలకి 75 సెంట్లు, తర్వాత ఒక డాలరు జీతం. అలా కూడబెట్టి 3.75 డాలర్లకి ఒక గిటార్ కొనుక్కుంది. మొదటి జీతం లెక్కన చూస్తే అయిదు నెలల కష్టం.

వాళ్ల ఇంటికి దగ్గర్లోనే రైలు పట్టాలు. గూడ్సు బండి వెళ్తుంటే ఇంట్లోకి చప్పుడు వినబడేది. ఆ చప్పుడు వింటూ పదకొండో పన్నెండో ఏట ఆమె కట్టిన పాటే ఫ్రైట్ ట్రైన్, అంటే గూడ్సు బండి. వేగంగా పోయే బండి ఎక్కి ఎవరికీ చెప్పకుండా పారిపోవాలనుకునే మనిషి పాట అది. చనిపోయాక కూడా ఆ బండి చప్పుడు వినబడే చోటే తనని పాతిపెట్టమని కోరుకునే పాట. అంట్లు తోమే చేతులతో, ఆ వయసులో అంత మాట కట్టిందంటే ఆశ్చర్యమే కదూ!

ఇక అంతే. 1910లో, పదిహేడేళ్ల వయసులో ఫ్రాంక్ కాటన్‌తో పెళ్లి. తర్వాత కూతురు లిల్లీ పుట్టింది. చర్చి పెద్దలు ఇలాంటి లౌకికమైన పాటలు పాడకూడదన్నారు. ఇంటి పని, బయటి పని సరేసరి. ఎవరూ ఆమె చేతిలోంచి గిటార్ లాక్కోలేదు. మెల్లమెల్లగా అదే మూలకి చేరింది. ఎప్పుడైనా చర్చిలో వాయించడం మినహాయిస్తే దశాబ్దాలపాటు ఆమె సంగీతం జోలికి వెళ్లలేదు. ఊళ్లు మారారు. చివరికి వాషింగ్టన్ ప్రాంతంలో స్థిరపడ్డారు. కూతురికి పెళ్లయ్యాక భర్తతో విడాకులు తీసుకుని కూతురి దగ్గరికి చేరింది.

బొమ్మల కొట్లో తప్పిపోయిన పిల్ల

1940లలో ఆమె వాషింగ్టన్‌లోని లాన్స్‌బర్గ్ అనే పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్మే చోట పనిచేసేది. ఒకరోజు ఒక చిన్నపిల్ల తల్లి కనబడక దుకాణంలో తిరుగుతోంది. ఎలిజబెత్ ఆ పిల్లని తీసుకెళ్లి తల్లికి అప్పగించింది. ఆ తల్లి పేరు రూత్ క్రాఫర్డ్ సీగర్. పిల్ల పేరు పెగ్గీ. ఆ పరిచయంతోనే ఎలిజబెత్ వాళ్లింట్లో పనికి చేరింది. వంట చేయడం, ఇల్లు చక్కబెట్టడం, పిల్లల్ని చూసుకోవడం ఆమె పని. ఎలిజబెత్ అనే పేరు నోరు తిరగక ఆ ఇంటి పిల్లలు లిబ్బా అనేవారు. లోకానికి కూడా చివరికి ఆమె లిబ్బా కాటన్‌గానే మిగిలిపోయింది.

ఆ ఇల్లు మామూలు ఇల్లు కాదు. రూత్ భర్త చార్లెస్ సీగర్ సంగీత పండితుడు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గాయకుడు పీట్ సీగర్, చార్లెస్ మొదటి భార్య కొడుకు. రూత్ స్వయంగా గొప్ప స్వరకర్త. సంగీత రచనకిగాను గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్న మొదటి మహిళ ఆమే. అది 1930లో. కానీ పెళ్లి, నలుగురు పిల్లలు, ఇంటి ఖర్చుల మధ్య ఆమె సొంత రచన కూడా చాలా ఏళ్లు వెనకబడిపోయింది. పల్లెల్లో రికార్డు చేసి తెచ్చిన జానపద గీతాలు పదే పదే విని వాటికి స్వరాలు రాస్తూ కాలం గడిపేది. చూడండి, ఇంటావిడా, పనావిడా ఇద్దరూ తమ సంగీతాన్ని పక్కన పెట్టుకున్నవాళ్లే! ఎక్కడెక్కడి పల్లెల పాటలో ఆ ఇంట్లో రోజంతా మోగుతుండేవి. సొంతంగా పాటలు కట్టిన పల్లెటూరి మనిషి వంటింట్లోనే ఉన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

కొన్నేళ్లకి ఆ సంగతి బయటపడింది. గోడకి ఒక గిటార్ వేలాడుతుండేది. పని చేసుకుంటూ మధ్యలో లిబ్బా దాన్ని దించి వాయించుకోవడం మొదలుపెట్టింది. అది పెగ్గీ కంట పడింది. ఎడమచేత్తో, తలకిందులుగా పట్టుకుని వాయిస్తున్న ఆమెని చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఎన్నో ఏళ్ల కిందట మరచిపోయిన పాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వాటిలో గూడ్సు బండి పాట కూడా ఉంది.

పాట ఒకరిది, పేరు మరొకరిది

పెద్దయ్యాక పెగ్గీ ఇంగ్లండ్ వెళ్లింది. లిబ్బా దగ్గర విన్న పాట అక్కడ పాడింది. అది అక్కడి కుర్రాళ్లకి తెగ నచ్చింది. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం నాన్సీ విస్కీ గొంతుతో దాన్ని రికార్డుగా విడుదల చేస్తే ఇంగ్లండ్ జాబితాలో అయిదో స్థానానికి ఎక్కింది. సంతోషించాల్సిన విషయమే. కానీ రికార్డు మీద పాట రాసినవాళ్లుగా వేరే ఇద్దరి పేర్లున్నాయి. అసలు మనిషి వాషింగ్టన్‌లో ఎవరింట్లోనో పనిచేసుకుంటోంది!

నోరూ వాయీ లేని పనిమనిషి పాటే కదా అని అక్కడితో వదిలేసి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. సీగర్ కుటుంబం ఆమె పక్షాన నిలబడింది. ఆ పాట ఆమెదేనని పట్టుబట్టి, హక్కులో ఆమె పేరు చేర్చే వరకూ వదల్లేదు. అయినా ఆ తర్వాత కూడా చాలాచోట్ల పాత పేర్లే అచ్చవుతూ వచ్చాయి. ఒకసారి తప్పుగా అచ్చయిన పేరుని చెరిపేయడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే పెగ్గీ అన్న మైక్ సీగర్ టేపు రికార్డరు పట్టుకుని లిబ్బా ఇంటికి వెళ్లాడు. స్టూడియో లేదు, హంగామా లేదు. మనవలూ మునిమనవలూ తిరిగే ఇంట్లో, పడకగదిలో కూర్చుని ఆమె వాయించింది, పాడింది. ఆ టేపులతో 1958లో ఫోక్‌వేస్ సంస్థ ఆమె మొదటి ఎల్పీ రికార్డు విడుదల చేసింది. గూడ్సు బండి పాట అందులో ఆమె గొంతుతోనే ఉంది. పాట కట్టిన యాభై ఏళ్ల తర్వాత!

రికార్డు వచ్చింది కదా అని జీవితం ఒక్కరోజులో మారిపోలేదు. కచేరీలు చేస్తూనే కొన్నేళ్లు ఇంటి పని కూడా చేసుకుంది. మొదట స్వార్త్‌మోర్ కళాశాలలో మైక్‌తో కలిసి వేదిక ఎక్కింది. 1963లో పీటర్, పాల్ అండ్ మేరీ బృందం ఆమె పాటని తమ రికార్డులో పాడింది. 1964లో పేరున్న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో ఆమే పాల్గొంది. కొత్త పాటలు కూడా కట్టింది. షేక్ షుగరీ అనే పాటకి చరణాలు సమకూర్చడంలో మునిమనవలే ఆమెకి తోడు. 1967లో అదే పేరుతో వచ్చిన రికార్డులో ఆ పాట పాడింది కూడా పన్నెండేళ్ల మునిమనవరాలే. తను ఏ వయసులో మొదటి పాట కట్టిందో ఇంచుమించు ఆ వయసు పిల్లకి తన రికార్డులోనే చోటిచ్చిందన్నమాట.

పాటతో కట్టిన ఇల్లు

కచేరీల మీదా, రికార్డుల మీదా వచ్చిన డబ్బుతో ఆమె న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. 1978లో కూతురి కుటుంబంతో అక్కడికి మారింది. బతుకంతా ఒకరి ఇళ్లు ఊడ్చి తుడిచిన మనిషికి పాట సంపాదించి పెట్టిన ఇల్లు అది. 1984లో జానపద కళాకారులకి అమెరికా ప్రభుత్వం తరఫున ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది. 1985లో, తొంభై దాటిన వయసులో, ఎలిజబెత్ కాటన్ లైవ్ అనే రికార్డుకి గ్రామీ అవార్డు అందుకుంది. 1987 జూన్ 29న సిరాక్యూస్‌లో కన్నుమూసింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, ఆ సంగీతాన్ని తొలినాళ్లలో ప్రభావితం చేసినవాళ్ల సరసన ఆమె పేరు చేర్చారు.

ఆమె కథలో అదృష్టం పాత్ర లేదని ఎవరూ అనలేరు. ఆ రోజు ఆ పిల్ల తప్పిపోకపోతే, తప్పిపోయిన పిల్లది సంగీతం తెలిసిన ఇల్లు కాకపోతే ఏమయ్యేదో! ఆమెలాగే పాటలు కట్టి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయిన పనివాళ్లు, అమ్మమ్మలు, నానమ్మలు ఎంతమందో లెక్కలేదు. కానీ అదృష్టం తలుపు తట్టినప్పుడు ఆమె వేళ్లలో పాట ఇంకా బతికే ఉంది. అది మాత్రం అదృష్టం కాదు, చిన్ననాడు ఒంటరిగా కూర్చుని చేసిన సాధన.

చిన్నప్పుడు గూడ్సు బండి చప్పుడు విన్న ఆ కార్‌బరో ఊళ్లోనే, రైలు పట్టాల వెంబడి సైకిళ్లు తొక్కేవాళ్ల కోసం ఒక బాట ఉంది. దాని పేరు లిబ్బా కాటన్ బాట. తన పేరు తనే పెట్టుకున్న పిల్ల పేరు ఊరి బాటకి కూడా చేరిందన్నమాట!

ఇంతకీ మీ ఇంటి అటక మీద ఏముంది? ఈ ఆదివారం ఓసారి దించి దుమ్ము దులిపి చూడకూడదూ!