చదరంగ యోధుడు మీర్ సుల్తాన్ ఖాన్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఫైళ్ళతోనూ, రిటైరైన తరువాత తిరువూరులో మిత్రులతో సాయంకాలపు చదరంగంతోనూ కాలం గడిపిన గుమాస్తాను కనుక నేను ఈయనను ఎంచుకున్నాను.

సుల్తాన్ ఖాన్ 1903 ప్రాంతంలో, నాటి అవిభక్త పంజాబులోని మీఠా టివానా గ్రామంలో జన్మించారు. సుమారు తొమ్మిదవ ఏట తండ్రి వద్ద చదరంగం నేర్చుకున్నారు. అది మన దేశవాళీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకదు. రాజు, ఏనుగు కలిసి పాశ్చాత్య పద్ధతిలో కోట కట్టడమూ ఉండదు. మా నాన్నగారు నాకు నేర్పినదీ దాదాపు ఇదే ఆట.

ఆ ప్రాంతపు జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఈ యువకుని ప్రతిభను గుర్తించి చేరదీశారు. విదేశీ నిబంధనలు నేర్పించారు. 1928లో సుల్తాన్ ఖాన్ అఖిల భారత పోటీలో గెలిచారు. 1929లో జమీందారు వెంట లండన్ వెళ్ళి, ఆ సంవత్సరమే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు. 1932, 1933లలో మళ్ళీ ఆ బిరుదు ఆయనదే. 1930-31 హేస్టింగ్స్ పోటీలో, అంతకు ముందు ఆరేళ్ళు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకాను ఓడించారు. 1931లో టార్టకోవర్‌ పై మ్యాచ్ నెగ్గారు. 1930, 1931, 1933 ఒలింపియాడ్‌లలో బ్రిటన్ జట్టుకు మొదటి బల్ల మీద ఆడినది ఈ పంజాబీయే. అక్కడి చలి ఆయనకు పడలేదు. జ్వరం, జలుబు, గొంతునొప్పి వదలకపోయినా మెడకు గుడ్డ చుట్టుకుని ఆడేవారట.

1933 చివర జమీందారుతో స్వదేశానికి తిరిగి వచ్చేశారు. 1935లో ఖాదిల్కర్‌తో పది ఆటలాడి తొమ్మిది గెలిచారు, ఒకటి డ్రా. ఆపైన పెద్ద పోటీల్లో ఆయన కనబడలేదు. ఐదేళ్ళు కూడా నిండని ఆ విదేశీ ఆటతోనే ప్రపంచపు మేటి ఆటగాళ్ళ సరసన నిలిచారు. తరువాత పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ బతికారు.

1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య మొదటిసారిగా 27 మందికి గ్రాండ్‌మాస్టర్ బిరుదులిచ్చింది. ఆ జాబితాలో ఆయన పేరు లేదు. 1955లో స్వతంత్ర భారతపు మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ మన ఏలూరులో జరిగేనాటికి ఆయన పాకిస్తాన్ పౌరుడు. 1966 ఏప్రిల్ 25న క్షయవ్యాధితో సర్గోధాలో కన్నుమూశారు.

ఆయన జమీందారు ఇంటి నౌకరనీ, చదువు రానివాడనీ చాలా పుస్తకాలు రాశాయి. అది నిజం కాదని ఆయన వారసులు ఖండించారు. సర్వీసు రిజిస్టరు మొదటి పుటలో ఏది పడితే అదే చివరిదాకా వెంట వస్తుందని మనకు తెలియనిదా!

2024లో సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది. మా మనవడు ఆ వార్త చదివి, తాతయ్యా, ఆయనకు ఎవరు చెబుతారు అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. లెక్క వేస్తే చనిపోయిన 58 ఏళ్ళకు వచ్చింది. మనలో చాలామందిని ఇంటికి పంపిన వయస్సూ అదే.

ఆ రాత్రి నాకు ఒక పాత సహోద్యోగి గుర్తుకు వచ్చాడు. ఆయన వేతన స్థిరీకరణ బకాయి ఫైలు ఏళ్ళ తరబడి ఈ సీటు నుంచి ఆ సీటుకు తిరిగింది. నా సీటులోనూ కొన్ని వారాలు ఉంది. పని ఒత్తిడి అనుకున్నాను. సొమ్ము మంజూరై వచ్చేసరికి ఆయన పోయి నెల అయింది. సంతకం పెట్టడానికి ఆయన భార్య వచ్చింది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మన కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. సంపాదించినది చేతికి అందడమంటే అలా ఉండాలి. మన పిల్లల్లో ఇంకా సర్వీసులో ఉన్నవారికి ఈ వృద్ధుని మనవి ఒక్కటే: మీ బల్ల మీద ఒకరికి రావలసినది ఏదైనా ఉంటే, ఆ మనిషి ఉండగానే కదల్చండి.